ఆర్‌ఫ్లర్ నుంచి కలే దాకా: అజాంకూర్ యుద్ధపు దారి

సోమవారం, ఆర్‌ఫ్లర్

1415 అక్టోబరు 25న ఇంగ్లీషువారికీ ఫ్రెంచివారికీ మధ్య జరిగిన యుద్ధాన్ని ఇంగ్లీషువారు ఆజిన్‌కోర్ట్ అంటారు, ఫ్రెంచివారు అజాంకూర్ అంటారు. ఆ పేరు విని వెళ్లే యాత్రికుల్లో చాలామంది నేరుగా ఆ ఊరికే పోయి, మ్యూజియం చూసి, పొలం గట్టున ఫోటో దిగి, మధ్యాహ్నానికల్లా వెనక్కి వచ్చేస్తారు. అలా చూస్తే యుద్ధం ఎలా జరిగిందో తెలుస్తుందే తప్ప అక్కడే ఎందుకు జరిగిందో తెలియదు. ఇంగ్లండు రాజు అయిదో హెన్రీ ఆ పొలాన్ని ఎంచుకోలేదు, ఆ రోజునూ ఎంచుకోలేదు. అతడు తప్పించుకుని పోతున్నాడు. ఆ పోయిన దారి వెంట మనమూ పోతే తప్ప ఈ సంగతి మనసుకు పట్టదని అనుకుని, పారిస్‌లో ఉద్యోగం చేస్తున్న మా బావమరిదిని కారు నడపడానికి ఒప్పించి, నేనూ నా భార్యా అక్టోబరు నెలలోనే బయలుదేరాము.

సీన్ నది సముద్రంలో కలిసే చోట ఉన్న ఆర్‌ఫ్లర్ ఇప్పుడు లె హావ్ర్ మహారేవుకు ఒక శివారు మాత్రమే. నది మేట వేసి ఈ రేవు పూడిపోవడం వల్లే మొదటి ఫ్రాన్స్వా రాజు 1517లో లె హావ్ర్ కట్టించాడు. అంతకు వందేళ్ల ముందు మాత్రం నదీముఖానికి కాపలాగా నిలిచిన కోట ఇదే. హెన్రీ ఆగస్టు మధ్యలో దగ్గరి తీరాన దిగి, అయిదు వారాలకు దగ్గరగా దీన్ని ముట్టడించాడు. ఫిరంగులతో గోడలు కూల్చాడు. సెప్టెంబరు 22న పట్టణం లొంగిపోయింది. గెలుపు దక్కింది కానీ ఈలోగా శిబిరంలో రక్తవిరేచనాలు పాకాయి. లెజార్డ్ అనే చిన్న నది చుట్టూ పరచుకున్న చిత్తడి నేల, ఎండాకాలపు చివరి వేడి, వేలమంది ఒక్కచోట. నార్విచ్ బిషప్ రిచర్డ్ కోర్ట్‌నీ పోయాడు, సఫోక్ ఎర్ల్ పోయాడు. రాజు తమ్ముడు క్లారెన్స్ డ్యూక్ జబ్బుపడి ఇంటి దారి పట్టాడు. అతడిలాగే జబ్బుపడిన వందలమందిని ఓడలెక్కించి పంపేశారు.

పాత పట్టణంలో సెయింట్ మార్టిన్ చర్చి శిఖరం 83 మీటర్ల ఎత్తున కనిపిస్తుంది. రువాన్ ద్వారం పునాదులు, గోడ ముక్కలు మిగిలాయి. ద్వారం దగ్గర రాళ్ల మధ్య నాచు పట్టి ఉంది. అటు పక్కనుంచి ట్రక్కులు రేవుకు పోతూనే ఉన్నాయి. చూడడానికి ఇక్కడ ఉన్నది ఇంతే, అరపూట చాలు.

పట్టణం చేతికి వచ్చాక హెన్రీ 1,200 మందిని కాపలాగా ఉంచవలసి వచ్చింది. మిగిలిన సైన్యంతో ఓడెక్కి ఇంగ్లండుకు పోవచ్చు. మంత్రాంగంలో చాలామంది అదే మంచిదన్నారు. రాజు వినలేదు. 1347 నుంచి ఇంగ్లీషువారి చేతిలో ఉన్న కలే రేవు దాకా ఫ్రెంచి నేల మీదుగా నడిచి వెళతానన్నాడు. ఈ రాజ్యం తనదేనని చాటుకుంటున్నవాడు దొంగచాటుగా ఓడెక్కడం బాగుండదని అనుకున్నాడు కాబోలు. సుమారు ఎనిమిది రోజులకు సరిపడా తిండి కట్టుకుని అక్టోబరు 8 ప్రాంతంలో బయలుదేరారు.

మంగళవారం, ఆర్క్ కోట నుంచి బ్లాంష్‌టాక్ దాకా

సముద్రం పక్కన సుద్దకొండల మీదుగా ఫేకాన్ దాటి దియెప్ వైపు వెళ్లే దారి కళ్లకు పండుగే అయినా మా పని వేరు కనుక త్వరగా దాటేశాము. దియెప్ దగ్గర కొండ మీద ఆర్క్ కోట శిథిలాలున్నాయి. పదకొండో శతాబ్దంలో కట్టిన ఈ కోట నుంచి అక్టోబరు 11న ఇంగ్లీషు సైన్యం మీద ఫిరంగులు పేలాయి. అయితే దారి ఇచ్చి, రొట్టె, ద్రాక్షసారా పంపితే ఊరు తగలబెట్టమని కబురు రాగానే కోటవారు ఒప్పుకున్నారు. అప్పటికే సైన్యం ఊరూరా ఇలాగే తిండి పిండుకుంటూ నడుస్తున్నదని అర్థం. కోటలోకి పోనివ్వరు, చుట్టూ ఉన్న లోతైన కందకం అంచున నడవవచ్చు. సుద్దనేల తడిసి కాలు జారుతుంటే నా భార్య చెట్టు పట్టుకుని నిలబడి, "ఈ నేల మీద ఇనుప కవచం వేసుకుని నడిచారా వీళ్లు!" అంది. కవచాలు బండ్ల మీద వేసుకున్నారని చెప్పాను. కవచాలు తొడుక్కునే రోజు ఇంకా రాలేదు.

సాయంత్రానికి సోమ్ నది ముఖద్వారానికి చేరాము. ఈ నదిని దాటడమే మొత్తం కథకు కీలకం. అబ్విల్‌కు దిగువన, సముద్రపు పాటు తగ్గినప్పుడు కాలినడకన దాటగలిగే బ్లాంష్‌టాక్ అనే రేవు ఉండేది. హెన్రీ ముత్తాత మూడో ఎడ్వర్డ్ 1346 ఆగస్టు 24న ఇక్కడే దాటి, రెండు రోజుల తర్వాత క్రేసీలో ఫ్రెంచి సైన్యాన్ని చిత్తుచేశాడు. హెన్రీ పథకం కూడా ఇదే. అయితే అక్టోబరు 13న రేవుకు కొద్ది దూరంలో ఇంగ్లీషువారు పట్టుకున్న, నైరుతి ఫ్రాన్సులోని గాస్కనీకి చెందిన ఒక సైనికుడు, అవతలి గట్టున ఫ్రెంచి మార్షల్ బూసికో, సర్వసేనాని షార్ల్ దాల్‌బ్రే బలగంతో కాచుకుని ఉన్నారనీ, నీటిలో గుంజలు పాతారనీ చెప్పాడు. అతడు చెప్పింది నిజమో కాదో పరీక్షించడానికి హెన్రీ ముందుకు పోలేదు. సైన్యాన్ని కుడివైపు తిప్పాడు.

ఇప్పుడు ఆ రేవు లేదు. నదిని కాలువలోకి మళ్లించి గట్లు కట్టారు. ఒకప్పటి ఇసుక తిన్నెల మీద గడ్డి మేసే గొర్రెలూ నీటి కొంగలూ ఉన్నాయి. కాలువ ఒడ్డున నిలబడి తూర్పు వైపు చూస్తే చదునైన పచ్చికబయళ్లు కనిపిస్తాయి. ఇక్కడ దాటలేకపోవడం వల్ల ఆ సైన్యం ఆరు రోజుల పాటు నదికి ఎగువకు నడవవలసి వచ్చింది. కలే ఉన్నది ఉత్తరాన, వీళ్లు పోయింది ఆగ్నేయానికి.

బుధవారం, సోమ్ గట్టు వెంట

సోమ్ నదిని మ్యాపులో గీతలా చూసినవారికి అది ఎందుకు అంత అడ్డమో తెలియదు. ఇది గలగలా పారే నది కాదు. ఇరువైపులా చెరువులు, రెల్లు, ఊబి, మధ్యలో నాలుగైదు పాయలు. వంతెన ఉన్నచోట తప్ప దాటడానికి వీలుండదు. అమియెన్ దాటాక కారు దిగి గట్టున కొంచెం దూరం నడిస్తే నల్లటి నీళ్లలో కూలిన పాప్లర్ చెట్లూ, చేపల వేటగాళ్ల చెక్క గుడిసెలూ కనిపించాయి. ఇంగ్లీషువారు వచ్చేసరికి వంతెనలన్నీ పడగొట్టి ఉన్నాయి, అవతలి గట్టున ఫ్రెంచి సేన సమాంతరంగా నడుస్తూనే ఉంది. తిండి అయిపోయింది. ఎండిన మాంసం, అడవి కాయలు తిన్నారు. రాజు వెంట ఉన్న ఒక పురోహితుడు ఆ ప్రయాణాన్ని లాటిన్‌లో రాసి పెట్టాడు. అతడి పేరు దక్కలేదు కానీ భయం దక్కింది. ఫ్రెంచి సైన్యమంతా తమ మీద పడితే ఏమవుతుందో అని, ఇంత చిన్న దళం, ఇంత అలసట అని అతడు దాపరికం లేకుండానే రాసుకున్నాడు.

అమియెన్ పక్కన ఉన్న బోవ్ ఊళ్లో సైనికులకు ద్రాక్షసారా పీపాలు దొరికాయి. సీసాల్లో నింపుకుంటామంటే రాజు కుదరదన్నాడు. వాళ్లు సీసాల్లో నింపుకుంటే పరవాలేదు గానీ కడుపులనే సీసాలు చేసుకుంటారని అతని జవాబు. కోర్బీ దగ్గర అక్టోబరు 17న చిన్న కొట్లాట జరిగింది. ఆ ప్రాంతంలోనే ఒక సైనికుడు చర్చిలోంచి బంగారు పూత పూసిన రాగి డబ్బా ఒకటి దొంగిలించాడు. బంగారమనుకున్నాడు పాపం. రాజు అతణ్ని సైన్యం చూస్తుండగా ఉరి తీయించాడు. అదే రోజుల్లో ఇంకో ఆజ్ఞ వేశాడు: ప్రతి విలుకాడూ ఆరడుగుల గుంజ ఒకటి నరికి, రెండు కొనలూ చెక్కి, తనతో మోయాలి. ఫ్రెంచి గుర్రపు దళం విలుకాళ్లను తొక్కేయడానికి సిద్ధమవుతున్నదని తెలిసి చేసిన ఏర్పాటు అది. యుద్ధం గెలిచింది విల్లు అని చెబుతుంటారు కానీ ఆకలితో వారానికి పైగా మోసిన ఆ కొయ్యలకు దక్కవలసినంత పేరు దక్కలేదని నాకు అనిపిస్తుంది.

నది ఇక్కడ పెద్ద వంపు తిరుగుతుంది. ఫ్రెంచివారు వంపు వెంట చుట్టు తిరిగి వెళ్లవలసి ఉండగా హెన్రీ అడ్డదారిన నేల్ మీదుగా సాగి ముందుకు వచ్చాడు. అక్టోబరు 19న బెతాంకూర్, వ్వాయెన్ అనే రెండు పల్లెల దగ్గర కాపలా లేని దారులు దొరికాయి. గట్లు పాడుచేసి ఉన్నా మనుషులు ఒక్కొక్కరుగా పోగలరు. ఇళ్ల తలుపులు, కిటికీలు, నిచ్చెనలు తెచ్చి పరిచి, ఒక గట్టు మీదుగా మనుషులను, ఇంకో గట్టు మీదుగా గుర్రాలను, సామానును పంపారు. తొక్కిసలాట కాకుండా ఒక గట్టు మొదట్లో రాజే స్వయంగా నిలబడ్డాడు. చీకటి పడే వేళకు దాటడం పూర్తయింది. బెతాంకూర్ వంతెన మీద మేము ఆగినప్పుడు కింద నీళ్లలో బాతులు తప్ప మరేమీ లేవు. ఊళ్లో ఏ ఫలకమూ నా కంట పడలేదు. నా దృష్టిలో మాత్రం ఈ దారంతటిలో చూడదగ్గ చోటు ఇదే.

గురువారం, పెరోన్, అల్బేర్, బ్లాంజీ

పెరోన్ కోటలో మొదటి ప్రపంచయుద్ధపు మ్యూజియం ఉంది. ఊరి పేరు వినగానే మనకు తోచేది ఆ యుద్ధమే. 1415 అక్టోబరు 21న హెన్రీ ఈ ఊరు దాటి కొంచెం ముందుకు రాగానే, రోడ్డు మొత్తం వేల గుర్రాల గిట్టలతో, మనుషుల అడుగులతో బురదై కనిపించింది. ఫ్రెంచి ప్రధాన సైన్యం తమకంటే ముందే ఆ దారిన ఉత్తరానికి పోయింది! రాజు వెంట ఉన్న పురోహితుడు అది చూసి దేవుణ్ని తలచుకున్నామని రాశాడు.

అక్కడి నుంచి మామెత్జ్, ఫ్రికూర్, అల్బేర్ ఊళ్ల మీదుగా ఆ సేన సాగింది. ఈ పేర్లన్నీ 1916 నాటి సోమ్ యుద్ధంలో వచ్చేవే. హైదరాబాదు వైపు నుంచి వచ్చిన నాలాంటివాడు ఇక్కడ ఆగకుండా పోలేడు. మామెత్జ్‌కు కొద్ది కిలోమీటర్ల దూరంలో, బాజాంతాన్ గట్ల మీద, 1916 జులై 14 సాయంత్రం సికింద్రాబాద్ అశ్వికదళ బ్రిగేడుకు చెందిన దక్కన్ హార్స్ రెజిమెంటు, డ్రగూన్లనే ఒక బ్రిటిష్ అశ్వికదళ రెజిమెంటుతో కలిసి, ఈటెలు పట్టుకుని గుర్రాల మీద హై వుడ్ అనే అడవి వైపు దూకింది. నిజాం రాజ్యపు ఆశ్రిత సేన నుంచి పుట్టిన రెజిమెంటు అది. గోధుమ చేలల్లోంచి కొంత దూరం పోయారు, కొందరిని ఈటెలతో పొడిచారు కూడా. ఆ తర్వాత మెషిన్ గన్ల ముందు నిలవలేక వెనక్కి వచ్చారు. అంతకు అయిదు వందల ఏళ్ల ముందు ఇదే దారిన నడిచిన విలుకాళ్లు గుర్రపు దాడి గురించి భయపడి కొయ్యలు మోసుకున్నారు. ఇక్కడ మాత్రం గుర్రం మీద ఉన్నవాళ్లు మనవాళ్లు. దక్కన్ హార్స్ నేటికీ భారత సైన్యంలో ఉంది, గుర్రాల బదులు ట్యాంకులతో.

మధ్యాహ్నం దాటాక దులాన్, ఫ్రేవాన్ మీదుగా వాన మొదలైంది. రోడ్డు పక్కన చక్కెర బీట్ దుంపలు ఇంటెత్తు కుప్పలు పోసి ఉన్నాయి. ట్రాక్టర్ల చక్రాల నుంచి రాలిన మట్టి పెళ్లలు రోడ్డంతా పరుచుకుని, వాన తడికి నున్నగా మారి, కారు రెండుమూడు సార్లు పక్కకు జారింది. మా బావమరిది, "బావగారూ, మీ రాజుగారి అలసట ఇప్పుడు బాగా తెలుస్తోంది" అన్నాడు.

1415 అక్టోబరు 24న హెన్రీ సేన బ్లాంజీ దగ్గర తెర్న్వాజ్ నది దాటి అవతలి గట్టు ఎక్కింది. ఎక్కగానే కుడివైపు లోయలో ఫ్రెంచి సైన్యం దళాలు దళాలుగా కనిపించింది. ఫ్రెంచివారు ముందుకు జరిగి కలే దారిని పూర్తిగా మూసేశారు. ఆ రాత్రి ఇంగ్లీషువారు మెజాన్‌సెల్ ఊళ్లోనూ, చుట్టుపక్కల తోటల్లోనూ వానలో తడుస్తూ గడిపారు. ఎవరూ నోరు మెదపకూడదని రాజాజ్ఞ. మీరినవాడు పెద్దింటివాడైతే గుర్రమూ సామగ్రీ పోతాయి, సామాన్యుడైతే కుడి చెవి పోతుంది.

శుక్రవారం, అజాంకూర్

యుద్ధం జరిగినదీ శుక్రవారమే. ఊళ్లోకి రాగానే వీధుల పక్కన చెక్కతో కోసి రంగులేసిన విలుకాళ్ల బొమ్మలు నిలబడి ఉంటాయి. మ్యూజియాన్ని 2019లో కొత్తగా తీర్చిదిద్ది తెరిచారు. బాగుంది కానీ నాకు పొలం మీదే ఎక్కువ ఆసక్తి. అజాంకూర్ అడవికీ త్రామ్‌కూర్ అడవికీ మధ్య దున్నిన నేల, దాని చివర కూడలి దగ్గర పందొమ్మిదో శతాబ్దంలో నిలిపిన శిలువ, చుట్టూ చెట్లు. మృతులను పాతిపెట్టిన గోతులు అక్కడే ఉన్నాయని ఊరివారి నమ్మకం. 1818లో, వాటర్లూ తర్వాత ఫ్రాన్సులో మకాం వేసిన ఇంగ్లీషు సైనికాధికారి జాన్ వుడ్‌ఫర్డ్ ఇక్కడ తవ్వించాడు. ఊరివారు అభ్యంతరం చెప్పడంతో ఆపేయవలసి వచ్చింది.

రెండు సేనల సంఖ్య మీద వాదాలు నేటికీ తెగలేదు. ఇంగ్లీషువారు ఆరు వేలు, ఫ్రెంచివారు దానికి నాలుగైదు రెట్లు అన్నది పాత లెక్క. జీతాల పత్రాలు తిరగేసిన చరిత్రకారిణి ఆన్ కర్రీ ఇంగ్లీషువారు ఎనిమిది వేలు దాటారనీ, ఫ్రెంచివారు పన్నెండు వేలనీ తేల్చింది. ఆమె లెక్కను అందరూ ఒప్పుకోరు. పొలంలో నిలబడి చూస్తే నాకు తోచింది ఇది: ఆ ఇరుకులో సంఖ్య వల్ల లాభం లేదు, నష్టమే. రెండు అడవుల మధ్య ఖాళీ ఇరుకైన చోట కిలోమీటరుకు లోపే ఉంది. వెనకవాళ్లు తోస్తుంటే ముందువాళ్లకు చెయ్యి ఎత్తే చోటు కూడా ఉండదు.

పొలం అంచున వర్షానికి నానిన దుక్కిలో కొన్ని అడుగులు వేశాను. అడుగు తీసినప్పుడల్లా బూటుకు మట్టి ఒక పొర అంటుకుంది, పదో అడుగుకు పాదం రెండింతలయింది. వానాకాలం రేగడి చేలో నడిచినవారికి వేరే చెప్పనవసరం లేదు. ఆ నాడు గోధుమ విత్తడానికి కొత్తగా దున్నిన నేల అది. రాత్రంతా వాన పడింది, దాని మీద గుర్రాలను పచార్లు చేయించారు. ఇరవై, ఇరవై అయిదు కిలోల ఇనుము తొడుక్కుని, ముఖకవచం దించుకుని, తల వంచి, బాణాల వానలోకి వందల గజాలు నడవడమంటే అదే సగం ఓటమి.

ఉదయం చాలాసేపు ఎవరూ కదలలేదు. ఫ్రెంచివారు ఆగడమే తెలివైన పని, ఎదుటివాడు ఆకలితో ఉన్నాడు కనుక. హెన్రీకి ఆ వీలు లేదు. గుంజలు పీకించి, సేనను బాణపు దూరానికి నడిపించి, మళ్లీ పాతించాడు. గుంజలు పీకి మళ్లీ పాతే ఆ కొద్ది నిమిషాల్లో గుర్రపు దళం వచ్చి పడి ఉంటే చరిత్ర మరోలా ఉండేది. గుర్రపు దళంలో చాలామంది అప్పటికి వరుసల్లో లేరు. ముసలి సేనాని సర్ టామస్ ఎర్పింగ్‌హమ్ తన చేతికర్ర గాలిలోకి ఎగరేసి సైగ చేశాడు. ఆలస్యంగా దూకిన కొద్దిపాటి గుర్రాలు గుంజల దగ్గర ఆగి, బాణాల దెబ్బకు బెదిరి, వెనక్కి తిరిగి, నడిచి వస్తున్న సొంత సైన్యాన్నే తొక్కాయి. తర్వాత విలుకాళ్లు విల్లులు పక్కన పడేసి, గొడ్డళ్లతో, సుత్తులతో బురదలో కూరుకుపోయినవారి మీద పడ్డారు. బరువు లేని బట్టల్లో ఉన్నవారికి ఆ నేల మీద ఒక సౌకర్యం ఉంది. రోజుకు ఆరు పెన్నీల జీతగాళ్లు డ్యూకులను నేల కూల్చిన రోజు అది.

దాల్‌బ్రే, ఆలాంసోన్ డ్యూక్, బార్ డ్యూక్ చనిపోయారు. బ్రబాంట్ డ్యూక్ ఆంత్వాన్ ఆలస్యంగా వచ్చి, కవచపు అంగీ లేక, బాకాకు కట్టిన జెండా గుడ్డను మెడలో వేసుకుని దూకి చచ్చిపోయాడు. అతడి అన్న బర్గండీ డ్యూక్ మాత్రం యుద్ధానికే రాలేదు. రాజు ఆరో షార్ల్ మతి చలించినవాడు, 1407లో అప్పటి ఓర్లియన్ డ్యూక్ హత్య నాటి నుంచి ఫ్రెంచి ప్రభువులు రెండు ముఠాలు. ఆ పొలంలో అధికారం ఎవరిదో ఫ్రెంచివారికే తెలియదు. ఇంగ్లీషువైపు యార్క్ డ్యూక్, ముట్టడిలో పోయిన సఫోక్ ఎర్ల్ కొడుకు చనిపోయారు. మొత్తం మృతులు ఆ వైపు కొన్ని వందలకు మించలేదు. ఫ్రెంచివైపు వేలు.

ఇక బందీల సంగతి. వెనక సామాను మీద దాడి జరిగిందని, ఫ్రెంచి మూడో దళం మళ్లీ కూడుకుంటోందని భయపడి, హెన్రీ బందీలను చంపమన్నాడు. విడుదల సొమ్ము పోతుందని పట్టుకున్నవారు ఒప్పుకోకపోతే ఒక ఎస్క్వైర్‌కు (నైట్ కంటే ఒక మెట్టు కింది హోదావాడికి) రెండు వందల మంది విలుకాళ్లను ఇచ్చి ఆ పని చేయించాడు. ఆ నాటి రచయితలు దీన్ని పెద్దగా తప్పు పట్టలేదని, కాలధర్మమని చెప్పి చరిత్ర పుస్తకాలు దాటవేస్తాయి. కాలధర్మమే అయితే సొంత సైనికులు ఎందుకు వెనకాడారు? డబ్బు కోసమే కావచ్చు. డబ్బు కోసమైనా ఆ బందీల ప్రాణాల పక్షాన నిలిచినవారు వాళ్లే.

శనివారం, కలే

అక్టోబరు 29న హెన్రీ కలే చేరాడు. నేరుగా వస్తే 230 కిలోమీటర్ల దారి నది చుట్టు తిరగడం వల్ల దాదాపు 400 కిలోమీటర్లయింది. ఇప్పటి కలేలో ఇంగ్లీషు పాలన గుర్తులు తక్కువే. నోత్ర్ దామ్ చర్చి ఇంగ్లీషు శైలిలో కట్టినది కావడం వల్ల ఫ్రెంచి వీధి మధ్య వింతగా కనిపిస్తుంది. 1558 దాకా ఈ ఊరు ఇంగ్లండుదే.

గెలిచి వచ్చిన సైనికుల్లో చాలామంది ఆకలితో ఊరి బయట ఉండిపోయి, రొట్టె కోసం తమ బందీలను, దోచుకున్న సామగ్రిని చవకగా అమ్ముకున్నారు. బందీల్లో పెద్దవాళ్లు మాత్రం రాజు వాటా. ఓర్లియన్ డ్యూక్ షార్ల్ పాతికేళ్ల పాటు ఇంగ్లండులో ఉండిపోయి కవిత్వం రాసి 1440లో విడుదలయ్యాడు. బూసికో 1421లో బందీగానే చనిపోయాడు. అజాంకూర్ ఫలం 1420 నాటి త్రువా ఒప్పందం, దాని ప్రకారం హెన్రీ ఫ్రెంచి రాజ్యానికి వారసుడయ్యాడు. కిరీటం పెట్టుకోకుండానే 1422 ఆగస్టు 31న, ఆర్‌ఫ్లర్ శిబిరాన్ని పీడించిన విరేచనాల జబ్బుతోనే పోయాడు. ఈ దండయాత్ర జీతాల కోసం అతడు తన నగలను సేనానాయకుల దగ్గర తాకట్టు పెట్టాడు. ఆ తాకట్టులు విడిపించే పని అతని చావు తర్వాత కూడా ఏళ్ల తరబడి సాగింది.